ఆరడుగుల బల్ల మీద గోదావరి డెల్టా: మోడల్ రైలుకు చెట్లు, చేలు, కాలువలు చేసుకునే పద్ధతి

మోడల్ రైలుకు పట్టాలు వేసుకున్నాక చాలామంది చేసే మొదటి పని ఒక కొండ కట్టడం, దానికో సొరంగం తవ్వడం. మోడల్ రైళ్ళు వచ్చే డబ్బాల మీద బొమ్మలు అలాగే ఉంటాయి మరి. నేనూ కట్టాను. అట్టముక్కలు, పాత పేపర్లు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో వారం రోజులు కుస్తీ పడి కొండ నిలబెడితే, చూడ్డానికొచ్చిన మా మేనత్త "ఇదేవూరి కొండరా?" అంది. నా దగ్గర జవాబు లేదు. మా ఇంటి డాబా ఎక్కి ఎటు చూసినా వరిచేలు, కాలువగట్లు, వాటి మీద కొబ్బరిచెట్లే. కొండ అనేదే కనబడదు. ఆ సాయంత్రమే పీకేశాను.

ఇక్కడ చెప్పేది ఆ తరవాత నేర్చుకున్న పని. డెల్టాలో ఎత్తులన్నీ అడుగుల్లోనే ఉంటాయి కానీ, ఆ అడుగుల్లోనే కథంతా ఉంది. నీరు ఏ ఎత్తున ఉంది, చేను ఎంత పల్లంలో ఉంది, రైలుకట్ట ఎంత లేచింది అన్నది సరిగ్గా కుదిరితే, చెట్లు కాస్త అటూ ఇటూ అయినా చూసినవాళ్ళు "మన వైపే" అంటారు. అది తప్పితే ఎంత మంచి చెట్టు చేసినా బొమ్మగానే ఉంటుంది.

ముందు చోటు, నెల

నేను ఎంచుకున్నది కాకినాడ–కోటిపల్లి బ్రాంచి లైను. 45 కిలోమీటర్ల ఒంటి లైను. 1928లో వేశారు, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో 1940లో పట్టాలు పీకి పట్టుకుపోయారు, మళ్ళీ 2004లో రైలు నడిచింది. దాని మీద తిరిగిన రైల్‌బస్ ఒకే ఒక్క పెట్టె. చిన్న బల్ల మీద పని చేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? పది పెట్టెల ఎక్స్‌ప్రెస్ నడపాలంటే హాలు చాలదు, ఒంటి పెట్టె బండికి ఆరడుగుల బల్ల సరిపోతుంది.

గోదావరి వంతెనే చేస్తానని కొందరు బయల్దేరతారు. రాజమండ్రి పాత హేవలాక్ వంతెనకు 56 స్పాన్లు (రెండు స్తంభాల మధ్య భాగాలు), ఒక్కోటి 45.7 మీటర్లు. హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలు కొలతను 87వ వంతుకు తగ్గించే మోడల్ సైజులో, ఒక్క స్పానే 52 సెంటీమీటర్లు వస్తుంది, మొత్తం చేస్తే దాదాపు 29 మీటర్లు. కల్యాణమండపం అద్దెకు తీసుకోవాలి. ఒక స్పానో రెండో చేసి, మిగతాది బల్ల అంచు దాటి వెళ్ళిపోయినట్టు వదిలేయండి.

హెచ్‌ఓ 87వ వంతే కదా. ఆరడుగుల బల్ల అసలు భూమి మీద 159 మీటర్లు, రెండడుగుల వెడల్పు 53 మీటర్లు. అంటే మీరు చేస్తున్నది ఊరు కాదు, ఊరి చివర ఒక చిన్న ముక్క. ఈ లెక్క మొదటే బుర్రలో పెట్టుకుంటే గుడి, బడి, సినిమా హాలు అన్నీ ఒకే బల్ల మీద ఇరికించే టెన్షన్ తప్పుతుంది. ఇంకో మాట. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, అది విదేశీ స్టాండర్డ్ గేజికి సరిపడేది. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, లెక్క ప్రకారం 19 పైచిలుకు రావాలి. నేను ఆ మూడు మిల్లీమీటర్లను పట్టించుకోను. పట్టించుకుంటే పట్టాలు చేత్తో వేసుకోవాలి, ఇక చెట్ల దాకా రాము.

తరవాత నెల ఎంచుకోవాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. జులైలో అయితే నారుమళ్ళు, ఎర్రనీరు. సెప్టెంబరులో ఎటు చూసినా ఒకటే పచ్చ. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు, అడుగున బురద బీటలు తీసి ఉంటుంది. నా మటుకు నవంబరు నెలాఖరు మంచిది. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు మొదలై ఒక చేను బంగారంలా నిలబడి ఉంటుంది, పక్క చేలో పనలు పడి ఉంటాయి, మూడో చేలో కుప్ప వేసి ఉంటుంది. ఒకే బల్ల మీద మూడు రంగులు దొరుకుతాయి. పైగా పండిన వరికి రంగు కూడా వేయక్కర్లేదు, ఎందుకో కింద చెప్తాను.

ఎత్తుపల్లాలు

కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కణ్ణుంచి నీళ్ళు ఏ పంపూ లేకుండా సముద్రం దాకా చేలకు పారాలి. అందుకని పంటకాలువను మెరక మీదుగా తీసుకెళ్ళారు. నీటిమట్టం చేనికంటే ఎత్తున ఉంటేనే తూము తీసినప్పుడు నీరు చేలోకి దిగుతుంది. చేలో మిగిలిన నీరు పోవడానికి మురుగుకాలువ వేరే ఉంటుంది, అది చేనికంటే పల్లంలో. ఇవన్నీ దాటుకుంటూ రైలుకట్ట అన్నిటికంటే పైన. డెల్టా మొత్తానికి ఉన్న నాలుగు మెట్లు ఇవే.

బల్ల మీద ఇవి ఇలా వస్తాయి. చేను మట్టాన్ని సున్నా అనుకోండి. పంటకాలువ నీరు దానికి 10 నుంచి 12 మిల్లీమీటర్లు పైన, కాలువగట్టు 20 పైన. మురుగుకాలువ నీరు 15 కింద. రైలుకట్ట 35 పైన, అంటే అసలు కొలతలో మూడు మీటర్లు. కట్ట వాలు ఒకటికి రెండు: 35 ఎత్తుకు 70 పక్కకు జారాలి. చోటు లేదని ఈ వాలును నిటారుగా చేస్తే కట్టలా ఉండదు, ప్రహరీగోడలా ఉంటుంది. చోటు చాలకపోతే ముందువైపు వాలు పూర్తిగా ఉంచి వెనకవైపు కుదించండి, అటు ఎవరూ చూడరు.

అడుగున 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేయండి. నీళ్ళకు తట్టుకునే రకమే కొనండి, మన గాలిలో మామూలు ప్లై ఏడాదిలో ఉబ్బుతుంది. దాని మీద 50 మిల్లీమీటర్ల థర్మకోల్ షీటు పరిస్తే దాని పైతలమే మీ చేను. మురుగుకాలువను అందులోకి చెక్కాలి. పంటకాలువ గట్లు, రైలుకట్ట 20, 35 మందం ముక్కలతో పైన అతికించాలి. చెక్కడానికి హాక్సా బ్లేడు చాలు. థర్మకోల్‌కి ఫెవికాల్ వాడండి. చెప్పులకు రాసే రబ్బరు జిగురు, స్ప్రే పెయింటు దగ్గరికి రానివ్వద్దు, కరిగిపోతుంది. నా మొదటి రైలుకట్ట మీద తెల్ల ప్రైమర్ స్ప్రే కొట్టి టీ తాగి వచ్చేసరికి అది బొరియలు పడిన జున్నుముక్కలా అయింది.

ముక్కలన్నీ ఆరాక, చిన్న చిన్న న్యూస్‌పేపరు ముక్కలు ఫెవికాల్ నీళ్ళలో ముంచి రెండు పొరలు అంటించండి. అది ఎండితే గట్టి పెంకులా తయారవుతుంది. దాని మీద పల్చగా వాల్‌పుట్టీ. పట్టాలు ఈ దశలోనే వేసి, బండి రెండు గంటలు నడిపి చూసుకోండి. పట్టా ఎగుడుదిగుడుంటే ఇప్పుడే తెలియాలి, చెట్లు నాటాక కాదు.

రైలు కాలువ దాటే చోట చిన్న గర్డరు వంతెన పెట్టండి. 12.2 మీటర్ల గర్డరు మన రైల్వేలో మామూలుగా కనబడేదే, హెచ్‌ఓలో 14 సెంటీమీటర్లు. అసలు కాలువ అంతకంటే వెడల్పున్నా బల్ల మీద ఇది చాలు.

మట్టి, కంకర

డెల్టా మట్టి ఎర్రగా ఉండదు. ఎర్రమట్టి వేశారంటే అది ఏజెన్సీ వైపు వెళ్ళిపోయినట్టే. మనది ఒండ్రు: తడిగా ఉంటే నల్లటి ముదురు బూడిద, ఎండితే లేత బూడిద, గోధుమ మధ్య రంగు. నేను వాడేది కొబ్బరి పొట్టు, పీచు తీసేటప్పుడు రాలే పొడి. నర్సరీల్లో బస్తాల లెక్కన దొరుకుతుంది. కడియం వైపు వెళ్తే మొక్క కొన్నందుకు గుప్పెడు ఊరికే ఇస్తారు. దాన్ని ఎండబెట్టి టీ వడపోసే జాలీలో జల్లించి, పాలిపోయిన బూడిద రంగు వేసిన నేల మీద తడి ఫెవికాల్ పూసి చల్లితే అచ్చం గట్టు మట్టి. ఎండాక చీపురుతో ఊడ్చి, ఊడినదాన్ని మళ్ళీ వాడుకోవచ్చు.

పట్టాల కంకరకు రాతి క్రషర్ దగ్గర దొరికే బూడిదరంగు పొడి జల్లించండి. అసలు కంకర 65 మిల్లీమీటర్లు అనుకుంటే మనకు ముప్పావు మిల్లీమీటరు గింజ కావాలి. రవ్వ సైజు. పట్టాల మధ్య పోసి, మెత్తటి కుంచెతో స్లీపర్ల మీద నుంచి తుడిచి, ముందు స్పిరిట్ కలిపిన నీళ్ళు తుంపరగా కొట్టాలి. తరవాత ఒక వంతు ఫెవికాల్, మూడు వంతులు నీళ్ళు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి సిరంజితో చుక్కచుక్కగా వదలాలి. ముందు తడపకపోతే జిగురు చుక్క గింజల మీద ముత్యంలా దొర్లి కంకరంతా చెదరగొడుతుంది.

సముద్రం ఒడ్డు ఇసుక ఎంత అందంగా ఉన్నా తేవద్దు. మన తీరం ఇసుకలో నల్ల ఖనిజపు రేణువులు కలిసి ఉంటాయి, వాటిలో కొన్ని అయస్కాంతానికి అంటుకుంటాయి. ఇంజను మోటారులో ఉన్నదీ అయస్కాంతమే. అలాంటి రేణువు నాలుగు లోపలికి వెళ్ళాయంటే మోటారు గరగరలాడుతుంది. ఏటి ఇసుకైనా, రాతి పొడి అయినా, ఒక అయస్కాంతానికి కాగితం చుట్టి నాలుగైదుసార్లు తిప్పాకే వాడండి. కాగితానికి ఎంత అంటుకుంటుందో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు.

కొబ్బరిచెట్టు

డెల్టా లేఅవుట్ (పట్టాలు, చేలు, చెట్లతో బల్ల మీద కట్టే మోడల్) అంటే సగం పని ఇదే. కనుక తీరిగ్గా చెప్తాను.

కాండానికి చీపురు ఈనె. నవ్వకండి. అసలు చెట్టు మాను 30 సెంటీమీటర్ల లావు, హెచ్‌ఓలో మూడున్నర మిల్లీమీటర్లు. కొత్త కొబ్బరి చీపురు విప్పితే మొదట్లో మూడు మిల్లీమీటర్ల దాకా లావుండి చివరికి సన్నబడే ఈనెలు పది పదిహేనైనా దొరుకుతాయి. ఆ సన్నబడటం దానికి పుట్టుకతోనే ఉంది, మనం చెక్కక్కర్లేదు. కొబ్బరిచెట్టును కొబ్బరిచెట్టుతోనే చేయడంలో ఒక తృప్తి కూడా ఉందనుకోండి. పొడుగు 16 నుంచి 22 సెంటీమీటర్ల మధ్య రకరకాలుగా కోయండి. అన్నీ ఒకే ఎత్తు ఉండకూడదు.

ఈనెను వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, పెద్ద సీసాకు దారంతో కట్టి రాత్రంతా వదిలేస్తే వంపు నిలుస్తుంది. వంపు ఎక్కడ రావాలన్నది ముఖ్యం. కాలువగట్టు చెట్టు వెలుతురు కోసం మొదట్లోనే నీటి మీదకు వాలి, పైకి వెళ్ళేకొద్దీ మళ్ళీ నిటారవుతుంది. కనుక వంపు కింది సగంలో ఉండాలి. పైన వంచితే గాలిదుమారంలో చెట్టులా కనిపిస్తుంది. తోట మధ్యలో చెట్లయితే నిటారుగానే ఉంటాయి.

ఈనె గుండ్రంగా ఉండదు, పలకలుగా ఉంటుంది. ఫెవికాల్‌లో వాల్‌పుట్టీ పొడి కలిపి పల్చటి దోసెపిండిలా చేసి, ఈనెను వేళ్ళ మధ్య తిప్పుతూ రెండు పూతలు వేయండి. రెండోది పూర్తిగా ఆరకముందే మొద్దు బ్లేడును అడ్డంగా ఆనించి తిప్పితే మట్టలు రాలిన గాట్లు వస్తాయి. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లకో గాటు. మొదట్లో ఎంసీల్ చిన్న ముద్ద నొక్కి ఏనుగు పాదంలా ఉబ్బించండి. రంగు బూడిద. గోధుమరంగు వేసే అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ ముసలి కొబ్బరి మాను గోధుమరంగులో ఉండదు. లేత బూడిద వేసి, నల్లరంగు బాగా నీళ్ళు కలిపి పై నుంచి జార్చి గుడ్డతో తుడిచేస్తే గాట్లలో మాత్రం నలుపు మిగులుతుంది.

ఇక మట్టలు. మట్ట అసలు పొడవు అయిదు మీటర్లు, మనకు 55 నుంచి 60 మిల్లీమీటర్లు. కాస్త మందం కాగితం తీసుకుని ముందే రెండు వైపులా రంగు వేయండి. శాప్ గ్రీన్‌లో ఎల్లో ఆకర్, చిటికెడు బర్న్ట్ అంబర్ కలపాలి. ట్యూబులోని పచ్చను తిన్నగా వేస్తే ప్లాస్టిక్ తోరణంలా ఉంటుంది. ఆరాక 14 మిల్లీమీటర్ల వెడల్పున పొడుగాటి ఆకు ఆకారంలో కత్తిరించి, మధ్యలో సన్నటి రాగితీగ (ఫ్లెక్సిబుల్ వైరులో ఒక పోగు) అంటించి, తీగ వెంట మడవండి. రెండు పొరలూ కలిసి ఉండగానే సన్నటి కత్తెరతో చివరి వైపుకు ఏటవాలుగా, మిల్లీమీటరుకో గాటు పెట్టండి. గాటు తీగకు అరమిల్లీమీటరు దూరంలో ఆగాలి. విప్పి, బొటనవేలి గోటి మీద లాగితే ఆకులు కిందకి వాలతాయి. మొదటి మట్టకు పది నిమిషాలు పడుతుంది, నలభయ్యో మట్టకు రెండు.

చెట్టుకు 20 నుంచి 22 మట్టలు పెట్టండి. అసలు చెట్టుకు 30 దాటే ఉంటాయి గానీ ఈ సైజులో అన్ని పెడితే చీపురుకట్ట అవుతుంది. నేను మొదటిసారి మట్టలన్నీ ఒకే వంపుతో గుండ్రంగా సర్దాను. మా దొడ్లో కొబ్బరికాయల దింపు తీయడానికొచ్చిన ఆయనకు గర్వంగా చూపించాను. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉందండి... కానీ ఇది కొబ్బరిచెట్టు కాదండి, గొడుగండి" అన్నాడు. ఎందుకలా అంటే, "మొవ్వేదండి? ఎండుమట్టేదండి? చెట్టన్నాక పసిమట్ట నించుంటది, ముసలిమట్ట వేలాడతది. ఆయ్, ఇందులో అన్నీ ఈడైన మట్టలే కదండీ" అన్నాడు. ఇన్నేళ్ళూ రోజూ చూస్తున్న చెట్టును నేను చూడలేదని అప్పుడు తెలిసింది.

ఆయన చెప్పిన ప్రకారం ఇప్పుడు ఇలా కడుతున్నాను. ఈనె కొసన లేత పసుపుపచ్చ మొవ్వు ఒక్కటి, విప్పని కాగితం చుట్టతో, నిటారుగా. దాని చుట్టూ అయిదారు మట్టలు పైకి. వాటి కింద ఏడెనిమిది పక్కలకు. ఆ కింద మిగతావి కిందకి వాలి, వాటిలో చివరి రెండు పండుటాకు పసుపు, ఒక్కటి ఎండిన గడ్డి రంగులో మానుకు ఆనుకుని వేలాడుతూ. దింపు తీసిన తోటలో ఎండుమట్టలు ఉండవు, కాయలతో పాటే కొట్టేస్తారు. పట్టించుకోని గట్టు చెట్టుకు ఉంటాయి. ఒక్కో వరసను ఫెవిక్విక్ చుక్కతో నిలబెట్టి, సన్న దారం రెండు చుట్లు చుట్టి, అప్పుడు తరవాతి వరస. కాయలకు ఎంసీల్‌ను రెండున్నర, మూడు మిల్లీమీటర్ల ఉండలు చేసి ఎనిమిదో పదో మట్టల మొదళ్ళ కింద గుత్తులుగా అంటించండి. మట్టల మధ్య కాస్త కొబ్బరి పీచు దూరిస్తే తల మొదలు బోసిగా ఉండదు.

కోడి ఈకలతో మట్టలు చేసేవాళ్ళూ ఉన్నారు. సంక్రాంతి వెళ్ళాక మన వైపు ఈకలకు కొరవ లేదు. ఈకకు నడుమ కాడ, రెండు పక్కలా పోగులు ముందే ఉంటాయి కాబట్టి పని తొందరగా అవుతుంది, చూడ్డానికీ బాగుంటుంది. కానీ ఏడాది తిరిగేసరికి పురుగు కొట్టి నా మూడు చెట్లు బోడిగుండ్లయ్యాయి. వెనక వరసలకు మాత్రం వాడండి.

తాడి, అరటి

తాడి సులువు. మాను నిటారు, నలుపు కలిసిన బూడిద, మొదట్లో 5, 6 మిల్లీమీటర్ల లావు. వెదురు పుల్ల, అడుగున పుట్టీ చాలు. ఆకుకు 15 మిల్లీమీటర్ల కాగితం బిళ్ళ, అందులో నాలుగో వంతు తీసేసి, విసనకర్రలా మడతలు పెట్టి, అంచు నుంచి మధ్యకు సగం దాకా గాట్లు. పాతిక ఆకులు తీగ కాడలతో గుండ్రటి తలకాయలా గుచ్చాలి. తాటికాయలకు ఆవాలు సరిగ్గా సరిపోతాయి, సైజూ నల్లరంగూ రెండూ. వాటిని వేయించి వార్నిష్ పూసి పెట్టండి, లేకపోతే చీమలకు విందు. తాళ్ళు చేలగట్ల మీద మూడో నాలుగో గుంపుగా ఉంటాయి. ఒంటరిగా ఒకటి రైలుకట్ట కింద పెడితే ఇంకా బాగుంటుంది.

అరటికి మాస్కింగ్ టేపు. తీగను మధ్యలో పెట్టి టేపు రెండు ముక్కలు అంటుకునే వైపులు లోపలికి పెట్టి అతికించి, 22 మిల్లీమీటర్ల పొడుగు ఆకులు కోసి, లేత పచ్చ వేయండి. చెట్టుకు ఏడెనిమిది ఆకులు, మొత్తం ఎత్తు నాలుగు సెంటీమీటర్లు. ఆకు అంచుల్లో మూడు నాలుగు చోట్ల ఈనె దాకా చీల్చండి. గాలికి చిరగని అరటాకు బయట ఎక్కడా ఉండదు. పక్కన పిలకలు రెండు మర్చిపోవద్దు.

పెద్ద చెట్లు

మామిడి, వేప, నిద్రగన్నేరు లాంటి వాటికి కొమ్మల అస్థిపంజరం, దాని మీద ఆకు పొడి. అస్థిపంజరానికి తీగలు మెలిపెట్టే పద్ధతి అందరూ చెప్తారు. పాత కరెంటు కేబులు తొక్క తీసి, ఇరవై పోగులు కలిపి మెలిపెట్టి, పైకి వెళ్ళేకొద్దీ రెండుగా, నాలుగుగా విడదీసుకుంటూ పోవడం. మంచిదే, వేళ్ళు నొప్పి పుడతాయి. దీనికంటే నాకు నచ్చింది మామిడి పూత కాడలు. పిందెలు రాలిపోయాక చెట్టు కింద ఎండి పడి ఉంటాయి చూడండి, ఆ గుత్తులు. ఒక్కోటి చిన్న చెట్టులాగే కొమ్మలు కొమ్మలుగా చీలి ఉంటుంది. ఒక వంతు గ్లిసరిన్, రెండు వంతుల నీళ్ళలో రెండు రోజులు నానబెట్టి ఆరబెడితే పెళుసుదనం పోతుంది. లావుపాటి తీగ మానుకు ఇలాంటివి అయిదారు కట్టి, కీలు దగ్గర పుట్టీ పూస్తే చెట్టు. ఎండిన తులసి కొమ్మలు కూడా భలే ఉంటాయి గానీ, ఇంట్లో అమ్మ ఉన్నంతకాలం ఆ ఆలోచన పెట్టుకోకండి.

ఆకుకు పాత కుషన్లోని ఫోమ్. చిన్న ముక్కలు చేసి, నీళ్ళు, ఆక్రిలిక్ రంగు కలిపి మిక్సీలో తిప్పండి. పొడి ఫోమ్ మిక్సీలో నలగదు, గిర్రున తిరుగుతుందంతే, నీళ్ళు ఉండాల్సిందే. గుడ్డలో పిండి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, రెండు జల్లెళ్ళతో మూడు సైజులు తీసుకోండి. పచ్చ ఒక్కటే కాకుండా ముదురు, మధ్యరకం, లేత మూడూ చేసుకోవాలి. ఆ మిక్సీ జారు మళ్ళీ వంటింటి మొహం చూడకూడదు. పాత జారు విడిగా కొనుక్కోండి, లేదంటే ఇంట్లో గొడవ ఖాయం.

అతికించేటప్పుడు ముదురుది కింద, లేతది పై కొసలకు. మామిడి అయితే గుండ్రంగా, లోపల చీకటిగా దట్టంగా. వేప పల్చగా, ఆకాశం కనబడేలా. నిద్రగన్నేరు గొడుగు. ఇది మాత్రం అసలు కొలతకు చేయొద్దు. 30 మీటర్లు విచ్చుకునే చెట్టు హెచ్‌ఓలో 34 సెంటీమీటర్లు, మీ బల్ల వెడల్పులో సగానికి పైనే కప్పేస్తుంది. 18 దగ్గర ఆపండి, ఆకారం ఉంటే చాలు, కన్ను ఒప్పుకుంటుంది.

వరిచేను, గడ్డి

పండిన వరికి కొబ్బరి పీచు డోర్‌మ్యాట్. రంగు వేయక్కర్లేదన్నది ఇందుకే: కోతకొచ్చిన చేను రంగే దానిది. మ్యాట్‌ను వెనక వైపు నుంచి కట్టర్‌తో కోస్తే పోగులు తెగవు. పై నుంచి కత్తెరతో 11 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించండి, అసలు వరి మీటరు ఎత్తు. అంతా సమంగా కత్తిరిస్తే డోర్‌మ్యాట్‌లాగే ఉంటుంది, కాబట్టి వేళ్ళతో దువ్వి ఒక మూల గాలికి పడిపోయినట్టు వాల్చండి. కొసలకు లేత పసుపు కుంచె తాకించీ తాకించనట్టు తిప్పండి. థర్మకోల్‌ను మ్యాట్ అడుగు మందమంత చెక్కి అందులో దించాలి, లేకపోతే చేను గట్టు ఎక్కి కూర్చుంటుంది. కోసిన చేలో మోళ్ళకు అదే మ్యాట్‌ను రెండు మిల్లీమీటర్లకు కత్తిరించి, కత్తిరించగా వచ్చిన పోగులనే పిడికెడు పిడికెడుగా వరసల్లో పడుకోబెడితే పనలు. గడ్డిమేటుకు కూడా ఆ పోగులే, థర్మకోల్ గుండు మీద అతికించి.

గట్టు గడ్డి నిలబడి ఉండాలంటే స్టాటిక్ గ్రాస్ కావాలి: నైలాన్ పోగులకు హై వోల్టేజి ఇస్తే జిగురులో నిటారుగా నాటుకుంటాయి. కొనే యంత్రం ఖరీదు. దోమల బ్యాట్‌తో చేసుకోవచ్చు. బ్యాటరీ తీసి, కాసేపు ఆగి, పిడి ప్లాస్టిక్ ఉన్న స్క్రూడ్రైవరుతో లోపలి జాలీని, బయటి జాలీని కలిపి మిగిలిన చార్జి పోగొట్టండి. టప్పుమంటుంది, భయపడకండి. అప్పుడు లోపలి జాలీ వైరును ప్లాస్టిక్ పిడి ఉన్న స్టీలు టీ జాలీకి, బయటి జాలీ వైరును పొడుగు వైరుతో ఒక మేకుకు కలపండి. మేకు తడి జిగురులో గుచ్చి ఉండాలి. టీ జాలీలో రెండు, నాలుగు మిల్లీమీటర్ల నైలాన్ పోగులు కలిపి పోసి, బటన్ నొక్కి జిగురుకు రెండంగుళాల పైన ఊపండి. చార్జింగ్ ప్లగ్ పెట్టి ఉండగా ఎప్పుడూ వాడొద్దు, ఆ బ్యాట్లలో ఇంటి కరెంటుకు అడ్డు పెద్దగా ఉండదు. వెయ్యి వోల్టులకు పైనే ఉంటుంది కనుక పిల్లలను దూరంగా ఉంచండి. జనపనార కత్తిరించి వాడదామని చూశాను, నిలబడదు.

కాలువ నీరు

ఇక్కడ అందరూ ఎపాక్సీ రెజిన్ కొనమంటారు. కొండవాగుకైతే కావాలి, అడుగున గులకరాళ్ళు కనబడాలి కాబట్టి. మన పంటకాలువలో అడుగు ఎవరు చూశారు? టీ రంగులో ఉండే నీటికి లోతు చూపించాల్సిన పని లేదు. పుట్టీతో అడుగు నున్నగా చేసి, అంచుల్లో లేత మట్టి రంగు, మధ్యకు వచ్చేసరికి ఆకుపచ్చ కలిసిన ముదురు గోధుమ వేసి, ఆరాక ఆక్రిలిక్ గ్లాస్ వార్నిష్ ఏడెనిమిది పూతలు. ఒక్కో పూత పూర్తిగా ఆరాకే తరవాతది. చివరి రెండు పూతలను స్పాంజి ముక్కతో అద్దుతూ వేస్తే చిన్న అలలు వస్తాయి.

నీటి మెరుపుకు ఫెవికాల్ మాత్రం వాడొద్దు. ఎండితే గాజులా ఉంటుంది, వాన ముసురు పట్టగానే చెమ్మ పీల్చి పాలనీళ్ళలా తెల్లబడుతుంది.

గుర్రపుడెక్క లేని కాలువ డెల్టాలో ఉండదు. కసూరీ మేథీ నలిపి, పచ్చరంగు నీళ్ళలో ముంచి ఆరబెట్టి, వంతెన స్తంభాల దగ్గర, వంపుల్లో నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తున గుంపుగా అంటించండి. మీద అక్కడక్కడ లేత ఊదారంగు చుక్కలు. ప్రవాహం మధ్యలో ఒక్క ముద్ద విడిగా కొట్టుకుపోతున్నట్టు పెడితే నీళ్ళు కదులుతున్నట్టే ఉంటుంది.

నాటడం, వెనక తెర

ప్రతి చెట్టు మొదట్లో పేపర్ క్లిప్ తీగ ముక్క దింపి, నేలలో కన్నం చేసి గుచ్చండి, అతికించవద్దు. దుమ్ము దులపడానికి, పట్టాలు తుడవడానికి చెట్టు తీసి మళ్ళీ పెట్టుకోవచ్చు.

తోటలో కొబ్బరి ఏడున్నర, ఎనిమిది మీటర్లకొకటి, అంటే బల్ల మీద 9 సెంటీమీటర్లకొకటి వరసగా. కాలువగట్టు మీద వరస ఉండకూడదు: రెండు దగ్గరగా, ఒక ఖాళీ, ఒకటి, మళ్ళీ మూడు. ముందు రెండు వరసలే పూర్తి పనితనంతో చేయండి. వెనక వరసలు మూడొంతుల సైజులో, మట్టలకు గాట్లు కూడా లేకుండా, రంగులో కాస్త తెలుపు, నీలం కలిపి. ఆ వెనక తెర మీద కొండలు గీయొద్దు. లేత ఆకాశం, దాని అడుగున చిన్న స్పాంజితో అద్దిన నీలిపచ్చ కొబ్బరి తలల గీత, అంతే. ఆ గీత మీరు కూర్చుని చూసే కంటి ఎత్తుకు రావాలి. నిలబడి చూసేట్టు పెడితే హెలికాప్టర్ నుంచి చూస్తున్నట్టుంటుంది.

ముసురు రోజులు

కొబ్బరి పొట్టు, పీచు, డోర్‌మ్యాట్ మూడింటికీ ఆగస్టులో బూజు పడుతుంది. వాడేముందు రెండెండలు గట్టిగా కాయనివ్వండి. మైదా జిగురు వాడేవాళ్ళు పుస్తకాల బైండింగువాళ్ళలా చిటికెడు మైలుతుత్తం కలపండి, అది విషం కనుక చేతులు కడుక్కోండి. బూజు కనబడితే స్పిరిట్ తుంపర కొట్టి, ఆరాక కుంచెతో దులిపితే పోతుంది, నీళ్ళు కొట్టకండి. రాత్రిళ్ళు లేఅవుట్ మీద పాత నూలు చీర కప్పుతాను, ప్లాస్టిక్ షీటు కప్పితే లోపల చెమ్మ పట్టి తెల్లారేసరికి పట్టాలు చిలుము పడుతున్నాయి. చీర కప్పేటప్పుడు మొవ్వులు విరగకుండా బల్ల నాలుగు మూలలా ముప్పై సెంటీమీటర్ల కర్రలు నిలబెట్టుకోండి.